లోపలి గడియ

యూనివర్సిటీ లైబ్రరీ మెట్ల మీద,
సోమవారం

అత్తా,

ముందే చెబుతున్నా, ఒళ్ళు మండిపోతోంది, అక్షరాలు కుదురుగా రావు. ఇది నీ కరెంటాఫీసు అడ్రసుకే వేస్తున్నాను. ఇంటికి ఫోన్ చేస్తే నాన్న పక్కనే నిలబడి "ఏమంటోంది, ఏమంటోంది" అంటాడు. నువ్వు బయట ఉన్నప్పుడు చేద్దామంటే మీటర్లు చదివే తిరుగుడులో నీకు ఫోనెత్తే తీరికుండదు. కాబట్టి ఇదే దారి. నువ్వు కూడా నా డిపార్టుమెంటు అడ్రసుకి రాయి.

హాస్టల్లో సీటు లేదు. "అయిపోయాయి, బయట చూసుకో" అని గుమాస్తా తలెత్తకుండా చెప్పాడు. ఎక్కడ చూసుకోను అంటే హౌసింగ్ ఆఫీసుకి పొమ్మన్నాడు. అక్కడ ఒక జాబితా చేతిలో పెట్టారు, పైన "ఆమోదించిన ఇళ్ళు" అని ముద్ర. శనివారంలోగా మంచి చోట గది దొరక్కపోతే నాన్న వచ్చి తీసుకుపోతానన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు, నువ్వూ విన్నావుగా: "నా చెవిన ఒక్క చెడ్డ మాట పడిందా, చదువు అక్కడితో సరి." ఆ మాట ఎవడి నోట పుట్టినా సరే, శిక్ష మాత్రం నాకు. ఇదెక్కడి న్యాయమో నువ్వే చెప్పు.

రెండు గదులు చూశాను. ఒకటి యూనివర్సిటీ గేటుకి ఎదురు రోడ్డులో, పంచర్ల షాపు పైన. పొద్దస్తమానం గాలి కొట్టే మిషను మోత, పాత టైర్ల మీద కూర్చుని కబుర్లాడే మగాళ్ళు ఓ నలుగురు. షాపు ఒకావిడది. నేను వెళ్ళేసరికి లారీ టైర్లోంచి మేకు పీకుతోంది. "గదా? మెట్లెక్కి చూసుకో, నాకు చెయ్యి ఖాళీ లేదు" అంది. ఎవరి అమ్మాయివి, ఎందుకొచ్చావు అని ఒక్క ప్రశ్న లేదు. ఈ ఇల్లు జాబితాలో లేదు.

రెండోది జాబితాలో అన్నిటికన్నా పైన ఉంది. రిటైరైన హెడ్మాస్టరు ఇల్లు. సందు చివర, పెద్ద గేటు, గేటు మీద కెమెరా, ప్రతి స్తంభానికీ దీపం, చీమ చిటుక్కుమంటే వినపడేంత నిశ్శబ్దం. ఆయన అరగంట నాకు పరీక్ష పెట్టాడు. మీ నాన్నేం చేస్తారు? వడ్రంగా, మంచిది. ఎన్నింటికి లేస్తావు? ఫ్రెండ్సు ఎంతమంది? ఎలాంటివాళ్ళు? వీధి ఎలాంటిదో కనుక్కుందామని నేను వెళితే, నేను ఎలాంటిదాన్నో ఆయన కనుక్కుని పంపాడు!

నాకు పంచర్ల షాపు పైగదే కావాలి. నాన్నకి నువ్వు చెప్పు. ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగినదానివని వీధుల విషయంలో మాత్రం నీ మాట వింటాడు.

నీ మేనకోడలు


కరెంటాఫీసు, భోజనాల వేళ,
బుధవారం

ఒసేయ్ మిరపగింజా,

నీ ఉత్తరం ఆఫీసులో ముగ్గురి చేతులు మారి నాకు చేరింది. ముగ్గురూ "ఎవరమ్మా నీకు ఉత్తరాలు రాసేది" అని పళ్ళికిలించారు. ఇకమీదట కవరు మీద మేనకోడలి నుంచి అని రాసి తగలడు, నా పరువు దక్కుతుంది.

పంచర్ల షాపు సంగతి మర్చిపో. బుద్ధుందా నీకు? గుమ్మంలో నలుగురు మగాళ్ళు కూర్చునే చోట ఆడపిల్లకి గదా? ఎక్కినా దిగినా ఎనిమిది కళ్ళు నీ మీదే. నచ్చిందట! నీకు నచ్చడానికేముంది, ప్రశ్నలడగని వాళ్ళంతా నీకు దేవుళ్ళే.

ఇల్లు చూడటం నాకు నేర్పకు. ఇరవై మూడేళ్ళ సర్వీసు. మీటరు దగ్గర నిలబడ్డానంటే ఇంటి జాతకం చెప్పేస్తాను. సీలు చెక్కుచెదరకుండా ఉందా, వైర్లు గొట్టంలోంచి వస్తున్నాయా వేలాడుతున్నాయా, గేటు సరిగ్గా మూసుకుంటోందా, స్తంభం మీద దీపం పగిలి ఎన్నాళ్ళయింది. స్తంభాలకి కొక్కేలేసి కరెంటు లాక్కునే వీధిలో రెండో మాట లేకుండా వెనక్కి తిరుగుతాను. నువ్వు రాసినదాన్నిబట్టి హెడ్మాస్టరు సందే సందంటే. పైగా యూనివర్సిటీ ముద్ర ఉంది. పెద్దాయన నాలుగు ప్రశ్నలడిగితే అరిగిపోతావా? అడిగేవాడు ఉన్నాడంటే చూసుకునేవాడు ఉన్నట్టే.

శుక్రవారం సెలవు పెట్టి వస్తున్నాను. నా కళ్ళతో చూసి, నేను సరే అన్నచోట నువ్వు ఉంటావు. నేను సరే అన్నానంటే మీ నాన్న మారు మాట్లాడడు. నోరు మూసుకుని బస్టాపులో నిలబడు.

అత్త


హెడ్మాస్టరు గారి ఇల్లు, పైగది,
నెలాఖరు

అత్తయ్య గారికి నమస్కారాలు,

నేను ఇక్కడ క్షేమంగా ఉన్నాను. మీరందరూ క్షేమమని తలుస్తాను.

మీరు వచ్చి చూసి చెప్పినట్టే గది బాగుంది. సందు కూడా బాగుంది. హార్ను మోత కూడా వినపడదు. మాస్టారు చాలా క్రమశిక్షణ గల మనిషి. నేను క్లాసుకి వెళ్ళాక కిటికీ రెక్కలు తెరిచి ఉంటే మూసేస్తారు. బల్ల మీద పుస్తకాలు పొడుగువారీగా సర్దిపెడతారు. ఆయనకి చిందరవందర నచ్చదు.

చదువు బాగుంది. నాన్నగారికి అంతా సవ్యంగా ఉందని చెప్పగలరు. సెలవులకి రావడం ఇంకా తేల్చుకోలేదు.

ఇట్లు,
మీ మేనకోడలు


కరెంటాఫీసు, మీటరు పుస్తకాల గది,
గురువారం

"గారు" ఏమిటే?

పుట్టి బుద్ధెరిగాక నువ్వు నన్ను అత్తయ్య గారూ అన్నది ఎప్పుడు? ఒకసారి, నా మీటరు రీడింగు పుస్తకం నీళ్ళ బకెట్లో పడేసినప్పుడు. అంటే ఇప్పుడు కూడా ఏదో మునిగింది.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మూడుచోట్ల బాగుంది అని రాశావు. నిజంగా బాగున్నవాళ్ళు అలా రాయరు, క్యాంటీన్ వాణ్ణి తిడతారు, పక్క బెంచీ అమ్మాయి మీద చాడీలు చెబుతారు. నువ్వు ఒక్కళ్ళనీ తిట్టలేదు. అది చాలు నాకు నిద్ర పట్టకపోవడానికి.

ఇంకో సంగతి. కిటికీ రెక్కల గడియ లోపలి వైపు ఉంటుంది. నువ్వు క్లాసులో ఉండగా ఆయన ఆ రెక్కలు ఎలా మూశాడు? నీ బల్ల నీ గదిలో కదా ఉంది. పుస్తకాలు ఎలా సర్దాడు? గదికి నువ్వు తాళం వెయ్యవా?

నిజం రాయి. నీళ్ళు నమిలావంటే రేపే బస్సెక్కుతాను.

అత్త


డిపార్టుమెంటు, ఖాళీ క్లాసుగది,
సోమవారం

అత్తా,

తాళం వేస్తాను. ఆయన దగ్గర రెండో తాళం చెవి ఉంది. అలా వచ్చాడు. చాలా? ఇంకా వివరంగా కావాలా? ఇదిగో.

మొదటి వారం కిటికీలు. రెండో వారం పుస్తకాలు. మూడో వారం నా డైరీ. సొరుగులో బట్టల కింద దాచుకున్న డైరీ! ఎర్రసిరాతో తప్పులు దిద్ది పెట్టాడు. ఒక పేజీలో నాన్న మీద కోపంతో ఏదో రాసుకుంటే పక్కన "పెద్దలను ఇలా అనరాదు" అని రాశాడు. తర్వాత నా లోపలి బట్టలు. గదిలో తాడు మీద ఆరేసుకుంటే మడతపెట్టి మంచం మీద వరసగా పేర్చాడు. గేటు దగ్గర ఎదురుపడి "వాన వచ్చేలా ఉందని తీశానమ్మా" అన్నాడు. గదిలో వానేమిటి అత్తా?

పోయిన మంగళవారం క్లాసు లేదు. తలస్నానం చేసి జుట్టు తుడుచుకుంటున్నాను. తాళం తిరిగిన చప్పుడు. తలుపు కొట్టలేదు, పిలవలేదు, వచ్చేశాడు. "ఓ, ఉన్నావా?" అన్నాడు. వెనక్కి వెళ్ళలేదు. నా కుర్చీ లాక్కుని కూర్చుని పావుగంట చదువు గురించి మాట్లాడాడు. తలుపు కొట్టి రావచ్చు కదా అన్నాను. "నా ఇంట్లో నేను తలుపు కొట్టే అలవాటు లేదమ్మా" అని నవ్వాడు. ఆ తలుపుకి లోపల గడియ లేదు. ఆ రోజునుంచి గదిలో ఉన్నంతసేపూ బల్ల ఈడ్చి అడ్డం పెట్టుకుంటున్నాను. ఆ ఈడుపుకి కింద నుంచి "నేల గీసుకుపోతుంది" అని కేకలు.

హౌసింగ్ ఆఫీసుకి వెళ్ళాను. అక్కడి మేడమ్ ఫారం తీసింది. "ఒంటి మీద చెయ్యి వేశాడా?" లేదన్నాను. "ఏదైనా పోయిందా?" లేదన్నాను. "అయితే ఏ గడిలో రాయను?" అంది. ఆ ఫారంలో దొంగతనానికి గడి ఉంది, దాడికి ఉంది, వీధి దీపానికి కూడా ఉంది. ఇంటివాడికి లేదు. "ఆయన ఎంతోమందికి చదువు చెప్పిన పెద్దమనిషి, నీకు తండ్రిలాంటివాడు" అంది. నా తండ్రి వడ్రంగి, ఊరికంతా తలుపులు చేస్తాడు, నా గదిలోకి మాత్రం తలుపు కొట్టకుండా రాడు అన్నాను. "పొగరు" అని పక్క సీటు ఆవిడతో అంది, నాకు వినపడేలా.

జాబితా ముద్ర కొట్టింది వాళ్ళు. ఒప్పుకున్నది నువ్వు. మీ అందరికీ వీధి నచ్చింది. ఉండాల్సింది మాత్రం నేను! అప్పుడే చెప్పాను కదా పంచర్ల షాపు అని. విన్నావా?

ఇంకా ఏడుస్తూ రాయడం నాకిష్టం లేదు. నాన్నకి మాత్రం చెప్పకు. చెప్పావంటే నా చదువు అయిపోయినట్టే.


కరెంటాఫీసు మెట్ల మీద,
బుధవారం

తల్లీ,

నువ్వు నన్ను ఇంకా తిట్టు. ఆ తిట్లు చాలవు.

ఒక సంగతి నీకు చెప్పలేదు. ఆ శుక్రవారం నేను మీటరు చూశాను, గేటు చూశాను, పైకొచ్చి గది కూడా చూశాను. తలుపు లోపలి అంచున నాలుగు చోట్ల కన్నాలు పూడ్చి, పుటీ పెట్టి రంగు వేసి ఉంది. గడియ పీకేసిన మరల జాడలు. నా కంట పడ్డాయే! మీటరు పెట్టె మీద అలాంటి ఒక్క చుక్క కనపడితే గోటితో గీకి, ఎవరు విప్పారు, ఎందుకు విప్పారు అని ఇంటివాళ్ళని నిలదీస్తాను. అక్కడ అడగలేదు. ఎందుకో తెలుసా? వాడు నాకు కుర్చీ వేశాడు. "కూర్చోండమ్మా, అంత దూరం నుంచి వచ్చారు" అన్నాడు. ఇరవై మూడేళ్ళలో మీటరు మనిషికి కుర్చీ వేసినవాడు లేడు. గేటు సగం తెరిచి "తొందరగా చూసుకుపో" అనేవాళ్ళే. ఆ కుర్చీలో కూర్చున్నాక ఆ నాలుగు జాడల గురించి అడిగితే అమర్యాద అనిపించింది. రంగు వేయించేటప్పుడు తీసి ఉంటారులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పైన పటారం లోన లొటారం అని ఊరందరికీ చెప్పేదాన్ని, నేనే బోల్తాపడ్డాను.

నా ఉద్యోగమంతా గుమ్మం బయటే. మీటరు బయట ఉంటుంది, నేను బయట నిలబడతాను, బయట చూసి ఇది మంచి ఇల్లు అని ముద్రేస్తాను. లోపల ఏం జరుగుతుందో ఏ మీటరు చెబుతుంది? దొంగ చేతికి తాళాలిచ్చి నిన్ను వాడి ఇంట్లో దింపి, నిశ్చింతగా బస్సెక్కాను. సిగ్గుగా ఉంది. సిగ్గుకన్నా కోపం ఎక్కువగా ఉంది, వాడి మీదా, ఆ ఫారం మేడమ్ మీదా, నా మీదా.

ఈ ఉత్తరం అందగానే ఆ ఇల్లు ఖాళీ చెయ్యి. ఆ రోజే. వాడికి చెప్పాల్సిన పని లేదు. నువ్వు చెప్పిన ఆ పంచర్ల ఆవిడ దగ్గరికే పో. పుస్తకాలూ సర్టిఫికెట్లూ ముందు, మిగతా సామాను పోతే పోనీ.

మీ నాన్నకి చెప్పను. ఒట్టు.

అత్త


పంచర్ల షాపు, పైగది,
శుక్రవారం

అత్తా,

ఖాళీ చేశాను. ఇది పొద్దున్నే బస్సు కండక్టరు చేతికిచ్చి పంపుతున్నాను, సాయంత్రానికి నీ ఆఫీసుకి చేరుతుంది. నిన్న క్లాసు ఎగ్గొట్టి పంచర్ల ఆవిడ దగ్గరికెళ్ళి గది ఇంకా ఉందా అన్నాను. "ఉంది. ఏ ఇంట్లోంచి వస్తున్నావు?" అంది. హెడ్మాస్టరు ఇల్లు అన్నాను. చేతిలో రెంచీ కింద పెట్టేసింది. పోయిన ఏడాది కూడా ఒకమ్మాయి ఆ సందులోంచి పెట్టె ఈడ్చుకుంటూ ఏడుస్తూ వచ్చిందట, ఆ ఎదురు బస్టాపులోనే బస్సెక్కి వెళ్ళిపోయిందట, మళ్ళీ రాలేదట. "నేను అడగలేదు. మన పని కాదులే అనుకున్నాను. తప్పు చేశాను" అంది. నువ్వొక్కదానివే కాదు, బయట నిలబడి చూసినవాళ్ళు చాలామందే ఉన్నారు.

ఆ టైర్ల మీద కూర్చునే నలుగురినీ కేకేసి నా వెంట పంపింది. ఎనిమిది కళ్ళు అన్నావు చూడు, వాళ్ళకి ఎనిమిది చేతులు కూడా ఉన్నాయి. పావుగంటలో సామానంతా దింపేశారు. హెడ్మాస్టరు గేటు దగ్గర నిలబడి "నోటీసు ఇవ్వకుండా ఎలా పోతావు" అన్నాడు. నలుగుర్లో ముసలాయన పెట్టె భుజాన పెట్టుకుని "ఇలాగే పోతుంది సార్, పక్కకి జరగండి" అన్నాడు. ఈ గదికి లోపల రెండు గడియలు. బయట తాళం నేనే కొనుక్కోవాలి. "రెండో చెవి నాకివ్వకు, పారేసుకున్నావంటే తలుపు పగలగొట్టుకో" అంది ఆవిడ.

ఇంతవరకూ బాగానే ఉంది. మిగతాది ఇప్పుడు చదువు.

ఆ హెడ్మాస్టరు నాన్నకి ఫోన్ చేశాడు. చేరినప్పుడు ఫారంలో నంబరు ఇచ్చాం కదా. "మీ అమ్మాయి చెప్పకుండా ఇల్లు వదిలి, నలుగురు మగాళ్ళని వెంటేసుకుని షెడ్డు పైకి పోయింది, తండ్రివి కదా అని చెబుతున్నాను" అన్నాడట. నాన్న నాకు చేశాడు. నన్ను ఒక్క మాట మాట్లాడనివ్వలేదు. ఆదివారం వస్తున్నాడట, సామాను సర్దుకుని ఉండాలట, చదివింది చాలట. అత్తని అడుగు నాన్నా, అత్తకి అంతా తెలుసు అని అరిచాను. ఏమన్నాడో తెలుసా? "అడిగాను, తనకేమీ తెలియదంది."

నీకేమీ తెలియదా అత్తా?

నువ్వు ఒట్టు పెట్టుకున్నది నా చదువు ఆగకూడదని. వాడు నా మీద బురద చల్లుతుంటే కూడా నోరు మెదపొద్దని కాదు! నా ఉత్తరాలు నీ సొరుగులో ఉండగా, మీ అన్న ముఖం చూసి తెలియదన్నావా? వాడు తాళం చెవితో వచ్చాడు. నువ్వు మాత్రం తలుపు బయటే ఉండిపోయావు. ఇంక నీతో మాట్లాడటానికి నాకేమీ లేదు.


ఇల్లు, వంటగది గట్టు మీద,
శనివారం పొద్దున. కొరియర్లో పంపుతున్నాను, ఆదివారంలోగా అందుతుందన్నారు.

నాతో మాట్లాడకు. కానీ ఇది చదువు.

అవును, తెలియదన్నాను. ఒట్టు కోసం కాదు, భయంతో. నీకెప్పుడూ చెప్పని మాట చెబుతాను. నేను మీటర్లు చదవడానికి పుట్టలేదు. టీచరు ట్రైనింగు రెండో ఏడాదిలో ఉన్నాను. రోజూ బస్సులో వెనక సీట్లో కూర్చునేవాడొకడు నా జడ పట్టుకుని లాగేవాడు. ఓపిక పట్టి పట్టి ఒకరోజు ఇంట్లో చెప్పాను. మర్నాటికి నా పుస్తకాలు అటకెక్కాయి. వాడు అదే బస్సులో, అదే సీట్లో తిరిగాడు. బస్సు దిగింది నేను. ఆ రోజునుంచి ఎవరు ఏమడిగినా నా నోటికి ముందు "తెలియదు" అనే వస్తుంది. అదొక జబ్బు.

నీ ఉత్తరం నిన్న సాయంత్రం చేతికందింది. బస్సులో చదివాను, ఇంటికి రాగానే చెప్పు కూడా విప్పకుండా మీ నాన్న ముందు పడేశాను. అన్ని ఉత్తరాలూ. డైరీలో ఎర్రసిరా సంగతి దగ్గర ఆగాడు. మొహం కందగడ్డలా అయింది. చదవడం అయ్యాక ఏమన్నాడో విను: "ముల్లు వచ్చి ఆకు మీద పడ్డా, ఆకు వెళ్ళి ముల్లు మీద పడ్డా చిరిగేది ఆకే. అందుకే తీసుకొచ్చేస్తాను."

నాకెక్కడి నుంచి వచ్చిందో తెలియదు ఆ గొంతు. "ముల్లుని పీకవేం రా?" అన్నాను. మా అన్నని నేను రా అన్నది అదే మొదలు. "నీ కూతురు ఆకు కాదు. నేనూ కాదు. ఆ రోజు నాన్న చెప్పాడు సరే, నిచ్చెన వేసి నా పుస్తకాలు అటక మీదికి ఎక్కించింది ఎవరు? నువ్వు కాదూ? ఇరవై ఏళ్ళ కుర్రాడివి, బస్సెక్కి వాడి చెయ్యి పట్టుకోవడం చేతకాలేదు, చెల్లెలి పుస్తకాలు మొయ్యడం చేతనైంది. ఇప్పుడు కూతురి పెట్టె మొయ్యడానికి పోతున్నావా?"

మీ అమ్మ పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా కదల్లేదు, అలాగే నిలబడి "అడిగింది నిజమేగా" అంది. అంతే. ఇవాళ పొద్దున లేచి మీ నాన్న పనిముట్ల సంచి సర్దుకుంటున్నాడు. ఎందుకో నాకు చెప్పలేదు. ఏం చేస్తాడో నాకు తెలియదు, ఇది మాత్రం నిజంగా తెలియదు.

నీ సామాను సర్దకు. ఈడ్చుకుపోతానన్నా సర్దకు.

అత్త


పంచర్ల షాపు, పైగది,
ఆదివారం సాయంత్రం

అత్తా,

నీ కొరియరు పదింటికి వచ్చింది, నాన్న పదకొండింటికి. నీ ఉత్తరం చదివిన కోపం చల్లారకముందే వచ్చాడు, అదే మంచిదైంది.

మెట్ల కింద నిలబడి పైకి చూశాడు. పంచర్ల ఆవిడని చూశాడు. టైర్ల మీద వాళ్ళని చూశాడు. "జరిగిందేదో జరిగింది, పద" అన్నాడు. ముందు ఆ హెడ్మాస్టరు ఇంటి తలుపు చూడు, తర్వాత నేను వస్తానో రానో చెబుతాను అన్నాను. చూడటానికి ఏముంది అన్నాడు. తలుపులు చేసేవాడివి, తలుపు చూడటానికి భయమేమిటి అన్నాను. వచ్చాడు.

ఆ గదిలో అప్పటికే ఇంకో అమ్మాయి ఉంది అత్తా. మూడు రోజులు కూడా కాలేదు నేను ఖాళీ చేసి! వాళ్ళమ్మ నిన్న దింపి వెళ్ళిందట, అదే జాబితా చేతిలో పట్టుకుని. హెడ్మాస్టరు నాన్నని చూసి "రండి రండి" అని కుర్చీ లాగాడు. నాన్న కూర్చోలేదు. "తలుపు చూడాలి" అని మెట్లెక్కాడు. తలుపు కొట్టాడు. ఆ అమ్మాయి తీశాక లోపలికి రావచ్చా అని అడిగాడు. తలుపు అంచున అరచెయ్యి పెట్టి పైనుంచి కిందికి నిమిరాడు, కొత్త తలుపు బిగించాక నిమురుతాడు చూడు, అలా. ఒకచోట ఆగాడు.

"ఈ గడియ ఎవరు పీకారు?"

"పాతది, పాడైంది" అన్నాడు హెడ్మాస్టరు.

"గడియ పాడైతే కొత్తది వేస్తారు. పుటీ పెట్టి రంగు వెయ్యరు. ఇది వడ్రంగి పనే, డబ్బిచ్చి చేయించారు. ఇది చెయ్యమంటే మా వాళ్ళెవరైనా ఎందుకు అని అడుగుతారు. వాడికేం చెప్పారు?"

హెడ్మాస్టరు పిల్లల క్రమశిక్షణ అని ఏదో మొదలుపెట్టాడు. నాన్న వినలేదు. సంచిలోంచి గడియ తీశాడు. ఇంటి దగ్గర నుంచే తెచ్చుకున్నాడు అత్తా, జానెడు ఇనప గడియ. అందుకు సర్దుకున్నాడు ఆ సంచి. మోకాళ్ళ మీద కూర్చుని అదే చోట బిగించడం మొదలుపెట్టాడు. "నా ఇల్లు! నా తలుపు! పోలీసుల్ని పిలుస్తాను!" అని ఆయన ఒకటే అరుపు. నాన్న మర తిప్పుతూనే, తలెత్తకుండా "తలుపు నీదే. లోపలున్న పిల్ల నీది కాదు" అన్నాడు. పోలీసుల్ని పిలవండి, మాకూ పనుంది వాళ్ళతో అన్నాను నేను. పిలవలేదు.

బిగించాక నాన్న బయటికొచ్చి ఆ అమ్మాయిని వేసి చూడమ్మా అన్నాడు. గడియ పడిన చప్పుడు మాకు ముగ్గురికీ వినపడింది. హెడ్మాస్టరు తన ఇంట్లోనే తలుపు బయట నిలబడ్డాడు. నేను తలుపు మీద నోరు పెట్టి, లోపలున్న ఆ అమ్మాయికి జరిగిందంతా చెప్పాను. కిటికీల దగ్గర మొదలుపెట్టి ఒక్క ముక్క వదలకుండా, ఆయన వింటుండగానే. సగంలో ఆ అమ్మాయి ఏడుపు వినపడింది. నిన్న సాయంత్రం బయటికెళ్ళి వచ్చేసరికి తన సంచి తెరిచి ఉందట. తనే మర్చిపోయిందేమో అనుకుందట.

ఇప్పుడు ఆ అమ్మాయి నా గదిలోనే పడుకుని ఉంది. పంచర్ల ఆవిడ ఇంకో మంచం వేయించింది. ఫిర్యాదు ఇద్దరం కలిసి రాశాం, ఇద్దరం సంతకాలు పెట్టాం. ఒకటి పోలీసు స్టేషన్లో ఇచ్చాం, ఇంకోటి రేపు ఆ ఫారం మేడమ్ బల్ల మీద పెడతాం. గడి లేకపోతే గీసుకోమంటాం.

మధ్యాహ్నం నాన్నతో బస్టాపుకి వెళ్ళాను. "సామానేది?" అన్నాడు. రానన్నాను. "గడియ బిగించావు, సంతోషం. కానీ తప్పు చేసినవాడు ఇంట్లో ఉండి, నేను ఊరు వదిలి రావాలా? అత్తని బస్సు దింపింది చాలదా?" అందరూ చూస్తున్నారు. చూడనీ.

ఒక బస్సు వచ్చింది, నాన్న ఎక్కలేదు. ఇంకోటి వచ్చింది, ఎక్కలేదు. చేతులకి అంటిన పుటీ గీక్కుంటూ నిలబడ్డాడు. మూడో బస్సు వచ్చేముందు "మీ అత్తని నేనేం అడగను? ఏ మొహంతో క్షమించమనను?" అన్నాడు, నాతో కాదు. మూడోది ఎక్కాడు, ఒక్కడే. ఇంటికి వచ్చి నీ ముందు నీళ్ళు నమిలితే కాస్త ఓపిక పట్టు. మరీ ఎక్కువ పట్టకు.

నీ మీద నాకింకా కోపముంది. తెలియదన్నావు చూడు, అది మర్చిపోవడానికి టైం పడుతుంది. కానీ అప్పట్లో ఇంట్లో చెప్పినందుకు నీకు ఏం జరిగిందో తెలిశాక, అంత గట్టిగా తిట్టాల్సింది కాదనిపించింది. అందుకే ఇది నువ్వే ముందు తెలుసుకోవాలి. నేను హౌసింగ్ ఆఫీసులో చెప్పాను. నీకు చెప్పాను. పంచర్ల ఆవిడకి చెప్పాను, నాన్నకి చెప్పాను, పోలీసులకి చెప్పాను, తలుపు అవతలి అమ్మాయికి చెప్పాను. ఇంతమందికి చెప్పేసి, రేపు పొద్దున తొమ్మిదింటికి క్లాసుకి వెళ్తున్నాను అత్తా.

నీ మిరపగింజ